‘దీవో ఔగుస్తో’ అని ఉన్న వెండి నాణెం అగస్టస్ కాలం నాటిదేనా?

నమస్కారం. తర్వాత చదివేవారికి కూడా వీలుగా ఉండేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. లండన్‌లో ఒక నాణేల మేళాలో మీరు రోమన్ వెండి నాణెం కొన్నారు. బొమ్మ వైపు కిరణాల కిరీటం పెట్టుకున్న తల ఉంది, దాని చుట్టూ ‘దీవో ఔగుస్తో’ అన్న లాటిన్ అక్షరాలు ఉన్నాయి. బొరుసు వైపు మంట వెలుగుతున్న బలిపీఠం, ‘కోన్సెక్రాతియో’ అన్న మాట. ఇది అగస్టస్ చక్రవర్తి స్వయంగా కొట్టించినదని, రెండు వేల ఏళ్ల నాటి స్వచ్ఛమైన వెండి అని అమ్మినవారు చెప్పారు. అది నిజమేనా అన్నది మీ సందేహం. మీ అమ్మమ్మగారి ఊరు నల్గొండ జిల్లాలో ఉందనీ, అక్కడ దొరికిన రోమన్ నాణేలూ ఇవీ ఒకటేనా అనీ కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కాదు. మీ నాణెం అసలైనదే అయితే అది సా.శ. 250 ప్రాంతంలో, ట్రేజన్ డేసియస్ అనే చక్రవర్తి పాలనలో కొట్టినది. అగస్టస్ సా.శ. 14లో చనిపోయాడు. ఆయన పోయిన రెండు వందల ముప్పై ఏళ్ల తర్వాత ఆయన బొమ్మతో వచ్చిన నాణెం మీ చేతిలో ఉంది. వెండి కూడా స్వచ్ఛమైనది కాదు. ఆ కాలపు నాణేల్లో వెండి నూటికి నలభై పాళ్ల దరిదాపుల్లో ఉండేది, మిగతాది రాగి. నల్గొండ నాణేలు వీటికంటే చాలా పాతవి, చాలా మేలైన వెండివి. అయితే వాటికీ మీ నాణేనికీ ఒక చుట్టరికం ఉంది, దాని గురించి కింద రాస్తాను.

ఈ జవాబు చదివి నాణేన్ని సొరుగులో పడేయకండి. నేను ఇరవై ఏడేళ్లుగా చనిపోయిన చక్రవర్తుల పేరిట వచ్చిన రోమన్ వెండి నాణేలు మాత్రమే సేకరిస్తున్నాను. వాటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది డేసియస్ పాత చక్రవర్తుల బొమ్మలతో కొట్టించిన ఈ వరుసే.

ఇలాంటి నాణెం చేతికి వచ్చినప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: పోయిన ఈ మనిషితో బతికున్న ఎవరికి అవసరం పడింది? బొమ్మలో ఉన్నది పోయినవాడు, డబ్బు కొట్టించినది ఉన్నవాడు. ఆ రెండోవాడు ఎవరో తేలితే నాణెం వయసు, వెండి, అర్థం అన్నీ తేలతాయి. మీకు అమ్మినవారు బొమ్మను చూసి వయసు చెప్పారు, పొరపాటు అక్కడే జరిగింది.

ముందు ‘దీవుస్’ అన్న మాట చూద్దాం. మన ‘దేవ’ శబ్దానికీ దీనికీ మూలం ఒకటే. మనం ‘దివంగత’ అన్నప్పుడు అందులో వినిపించే ‘దివి’ కూడా ఆ కుటుంబంలోదే. తేడా ఏమిటంటే, దివంగత అన్న మాటను మనం పోయిన ఎవరికైనా గౌరవంగా వాడతాం. రోములో చక్రవర్తి పోయాక సెనేట్ తీర్మానం చేస్తేనే ‘దీవుస్’ అవుతాడు. ఆ తీర్మానంతో ఆయనకు గుడి, పూజారులు ఏర్పడతారు. ఈ తంతు పేరే ‘కోన్సెక్రాతియో’, మీ నాణెం బొరుసు మీద ఉన్న మాట. అందరికీ ఆ గౌరవం దక్కలేదు. అగస్టస్ తర్వాత గద్దె ఎక్కిన టైబీరియస్‌కు దక్కలేదు, నీరోకు దక్కలేదు, డొమిషియన్‌కు దక్కకపోవడమే కాదు, శాసనాల మీద ఆయన పేరునే చెక్కివేశారు.

అగస్టస్ విషయంలో ఈ తీర్మానం సా.శ. 14 సెప్టెంబరు 17న జరిగింది. ఆయన ఆకాశానికి ఎగసిపోవడం కళ్లారా చూశానని న్యూమెరియస్ అట్టికస్ అనే సెనేటర్ ప్రమాణం చేశాడనీ, దానికి అగస్టస్ భార్య లివియా అతనికి పది లక్షల సెస్టెర్సులు ఇచ్చిందనీ చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. చితి మీద నుంచి ఒక గద్దను వదిలారని కూడా ఆయనే రాశాడు. ఈ వరుస నాణేల బొరుసు మీద బలిపీఠం కాకుండా కనిపించే రెండో బొమ్మ ఆ గద్దే. ప్రతి చక్రవర్తికీ ఈ రెండు రకాలూ వచ్చాయి. మీకు దొరికినది బలిపీఠం రకం.

ఇక ఇది డేసియస్ కాలపుదని ఎలా చెప్పగలిగాను? మీరు పంపిన ఫోటోల్లోనే మూడు ఆధారాలు ఉన్నాయి.

మొదటిది కిరీటం. వెండి నాణెం మీద కిరణాల కిరీటం ఉంటే అది సాధారణంగా సా.శ. 215లో కారకల్లా చక్రవర్తి ప్రవేశపెట్టిన పెద్ద నాణెం అని గుర్తు. దాన్ని ఇప్పుడు ఆంటొనినియానస్ అంటున్నాం. అది రెండు దీనారాల (దీనారం అంటే రోమన్ల మామూలు వెండి నాణెం) విలువకు చెలామణి అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అగస్టస్ చనిపోయిన కొత్తల్లో టైబీరియస్ కొట్టించిన రాగి, ఇత్తడి నాణేల మీద కూడా అగస్టస్‌కు కిరణాల కిరీటం ఉంటుంది, కానీ అక్కడ అది దైవత్వానికి గుర్తు. మీ నాణెం మీద అది ముందుగా నాణెం విలువకు గుర్తు. ఈ తేడా తెలియక చాలామంది తికమకపడతారు.

రెండోది పరిమాణం. అగస్టస్ కాలపు దీనారం దాదాపు స్వచ్ఛమైన వెండి, బరువు 3.8 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, చిన్నగా మందంగా ఉంటుంది. మీది 21 మిల్లీమీటర్ల వెడల్పు ఉందని రాశారు. పలుచగా, కాస్త రేకులా ఉండటం మూడో శతాబ్దపు తీరు. డేసియస్ సొంత బొమ్మ ఉన్న నాణెం ఒకటి పక్కన పెట్టి చూడండి. అక్షరాల పొడవు, చుట్టూ ఉన్న చుక్కల వరుస, వెండి రంగు అన్నీ ఒకే చోట తయారైనట్టు తెలిసిపోతాయి. పాత పుస్తకాల్లో ఈ వరుసను మిలాన్ టంకశాలకు ఆపాదించారు, ఇప్పుడు రోమ్ అనే అంటున్నారు. అమ్మకందారుల చీటీల మీద రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి.

మూడోది వ్యాకరణం. ఇది నాకు చాలా నచ్చే ఆధారం. ‘కొఱకున్, కై చతుర్థీ విభక్తి’ అని మనం బడిలో వల్లె వేశాం కదా! లాటిన్‌లో ‘దీవుస్’ ప్రథమ, ‘దీవో’ చతుర్థి. ‘దీవుస్ ఔగుస్తుస్’ అంటే దివ్యుడైన అగస్టస్. ‘దీవో ఔగుస్తో’ అంటే దివ్యుడైన అగస్టస్‌కు. గుడి గోడ మీద ఫలానా స్వామికి సమర్పణ అని రాసినట్టు నాణేన్నే ఆయనకు సమర్పిస్తున్నారు. డేసియస్ వరుసలో అన్ని పేర్లూ ఇలాగే చతుర్థిలో ఉంటాయి. కానీ దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి. సెప్టిమియస్ సెవెరస్ పోయాక వచ్చిన దీనారాల మీద ‘దీవో సెవెరో పియో’ అని, రెండో క్లాడియస్ నాణేల మీద ‘దీవో క్లౌదియో’ అని కూడా ఉంటుంది. మూడు ఆధారాలూ కలిసివస్తేనే తీర్పు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అగస్టస్‌తో డేసియస్‌కు ఏం అవసరం పడింది?

డేసియస్ 249లో ఫిలిప్ చక్రవర్తిని యుద్ధంలో ఓడించి సింహాసనం ఎక్కాడు. అంతకు ముందు ఏడాదే రోము తన వెయ్యో పుట్టినరోజు జరుపుకుంది. డాన్యూబ్ నది దాటి గోత్ తెగలవాళ్లు చొరబడుతున్నారు, సైన్యాలు తమకు నచ్చిన సేనానిని చక్రవర్తిని చేసేస్తున్నాయి. పేరుమోసిన రాజవంశం అంటూ డేసియస్‌కు లేదు. అందుకే గద్దె ఎక్కగానే మంచి పాలకుడిగా పేరున్న ట్రేజన్ పేరును తన పేరులో కలుపుకున్నాడు. సామ్రాజ్యంలో అందరూ పాత దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చాడు. అర్పించామని రుజువుగా జనం రాయించుకున్న పత్రాలు ఈజిప్టు ఇసుకలో పపైరస్ మీద ఈనాటికీ మిగిలి ఉన్నాయి. ఆ ఆజ్ఞను పాటించని క్రైస్తవులు హింసకు గురయ్యారు. మీ నాణేన్ని ఆ పత్రాల పక్కన పెట్టి చూడాలి. పాత దేవతల్ని కొలవండి, పాత చక్రవర్తుల్ని తలచుకోండి, నేను వాళ్ల వరుసలోవాణ్ణి అని ఆ రెండూ చెబుతున్నాయి.

ఈ వరుసలో పదకొండుమంది ఉన్నారు: అగస్టస్, వెస్పేసియన్, టైటస్, నెర్వా, ట్రేజన్, హేడ్రియన్, ఆంటొనైనస్ పయస్, మార్కస్ అరీలియస్, కొమొడస్, సెప్టిమియస్ సెవెరస్, సెవెరస్ అలెగ్జాండర్. దైవత్వం దక్కినవారిలో మొదటి క్లాడియస్, లూసియస్ వెరస్, పెర్టినాక్స్, కారకల్లా ఇందులో లేరు. ప్రజల్ని పీడించాడని పేరుపడ్డ కొమొడస్ మాత్రం ఉన్నాడు! మొదటిసారి ఈ జాబితా చూసినప్పుడు నేను చాలాసేపు ఆ పేరు దగ్గరే ఆగిపోయాను.

ఆ చిక్కుముడి విప్పాలంటే యాభై ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి. కొమొడస్‌ను 192 డిసెంబరు 31న చంపేశారు, సెనేట్ అతన్ని శత్రువుగా ప్రకటించింది, విగ్రహాలు కూల్చారు. తర్వాత అంతర్యుద్ధంలో గెలిచి వచ్చిన సెప్టిమియస్ సెవెరస్ ఆఫ్రికాలో పుట్టినవాడు, పాత రాజవంశంతో సంబంధం లేనివాడు. 195లో తాను మార్కస్ అరీలియస్ కొడుకునని ప్రకటించుకున్నాడు. మార్కస్ కొడుకైతే కొమొడస్‌కు అన్న లేదా తమ్ముడు అయినట్టే కదా. సోదరుడు దుర్మార్గుడిగా మిగిలిపోతే వంశానికి మచ్చ. అందుకని శత్రువుగా ముద్రపడి హతమైనవాణ్ణే దేవుణ్ణి చేయించాడు. ఆ తీర్మానం రద్దు కాలేదు, కాబట్టి డేసియస్ నాటికి అధికారిక లెక్కలో కొమొడస్ కూడా దీవుసే. దైవత్వం పోయినవాడి గుణం మీద కాక ఉన్నవాడి అవసరం మీద నడిచిందనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు.

ఇదే సెవెరస్ అంతకుముందు 193లో పెర్టినాక్స్‌కు కూడా ఆ గౌరవం ఇప్పించాడు. పెర్టినాక్స్ మూడు నెలలైనా పాలించకుండా తన అంగరక్షకుల చేతుల్లోనే హతమయ్యాడు. ఆయన పగ తీర్చుకోవడానికి వచ్చానని చెప్పుకున్న సెవెరస్ రాజధానిలో ఘనంగా అంత్యక్రియలు చేయించాడు. కాసియస్ డియో ఆ రోజు అక్కడే ఉన్నాడు. శరీరం ఎప్పుడో పోయింది కాబట్టి మైనపు బొమ్మను పరుపు మీద పడుకోబెట్టారనీ, నిద్రపోతున్న మనిషి మీద ఈగలు వాలకుండా తోలినట్టు ఒక కుర్రవాడు నెమలి ఈకల విసనకర్రతో విసురుతూ నిలబడ్డాడనీ రాశాడు. ఆ తర్వాత అంతస్తులుగా కట్టిన చితికి నిప్పంటించి గద్దను వదిలారు. పెర్టినాక్స్ దీనారం చేతిలో ఉన్నప్పుడల్లా నాకు ఆ విసనకర్రే గుర్తొస్తుంది.

ఆ చితిని చూడాలనుకుంటే ఆంటొనైనస్ పయస్ పేరిట 161లో వచ్చిన దీనారం వెతకండి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సూచించేది ఎప్పుడూ అదే, ఎందుకంటే తేలిగ్గా దొరుకుతుంది, పనితనం బాగుంటుంది. బొమ్మ వైపు ‘దీవుస్ ఆంటొనీనుస్’ అని మాత్రమే ఉంటుంది. బతికున్నప్పుడు పేరు చుట్టూ ఉన్న పదవులు, ఎన్నోసారి కాన్సుల్ (రోములో ఒక పెద్ద పదవి) అన్న లెక్కలు ఏవీ ఉండవు. తల మీద ఆకుల దండ కూడా ఉండదు, బోడి తల. బొరుసు మీద చితి ఉన్న రకం ఒకటి ఉంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెడితే నాలుగు అంతస్తులు లెక్కపెట్టవచ్చు. కింది అంతస్తు అన్నిటికంటే వెడల్పు. దాని మీద పూలదండలు తోరణాల్లా వేలాడుతుంటాయి. పై అంతస్తులు క్రమంగా సన్నబడతాయి. అన్నిటికంటే పైన మన వైపు వస్తున్న నాలుగు గుర్రాల రథం. ఇదంతా మన పాత పావలా బిళ్ల అంత జాగాలో చెక్కారు. తొలిసారి చూసినప్పుడు మన గాలిగోపురమే కళ్లముందు మెదిలింది.

డేసియస్ వరుసకు తిరిగి వస్తాను, ఎందుకంటే అందులో ఇంకో సంగతి ఉంది. పన్నెండేళ్ల కిందట ‘దీవో కొమొదో’ నాణెం ఒకటి చవకగా దొరికింది. దెబ్బతిన్నది అని చీటీ మీద రాశారు. ఇంటికి తెచ్చి టేబుల్ దీపం కింద వాలుగా పెట్టి తిప్పుతుంటే గద్ద రెక్క కింద ఒక వంపు గీత కనిపించింది. ఆ గీత రెక్కది కాదు. ఇంకొంచెం తిప్పితే అంచు దగ్గర తలకిందులుగా రెండు అక్షరాల అడుగు భాగాలు కూడా కనిపించాయి. అది దెబ్బ కాదు. సెవెరస్ వంశం నాటి పాత దీనారాన్ని కరిగించకుండానే అచ్చుల మధ్య పెట్టి మళ్లీ కొట్టారు. పాత బొమ్మ పూర్తిగా చెరగలేదు. బరువు తూచితే మూడు గ్రాములు మాత్రమే. ఒక్క దీనారపు వెండి రెండు దీనారాల విలువతో మళ్లీ బజారులోకి వెళ్లింది, మిగిలిన లాభం ఖజానాకు. డేసియస్ కాలపు నాణేల్లో ఇలా మళ్లీ కొట్టినవి చాలానే తెలుసు. మీ నాణెం మీద అర్థంకాని గీతలు ఉంటే లోపం అనుకోకండి, వాలు వెలుగులో ఫోటో తీయండి.

ఆ ఖజానా సైన్యానికే ఖర్చయింది. 251లో ఇప్పటి బల్గేరియాలోని అబ్రిటుస్ దగ్గర గోత్ తెగలతో జరిగిన యుద్ధంలో డేసియస్, ఆయన కొడుకు ఇద్దరూ చనిపోయారు. విదేశీ శత్రువుతో పోరాడుతూ రణరంగంలో చనిపోయిన మొదటి రోమన్ చక్రవర్తి ఆయనే. రెండేళ్లు కూడా నిండని పాలనలో వచ్చిన వరుస ఇది.

వెండి సంగతి ఇంకొక్క మాట. 270లో రెండో క్లాడియస్ తెగులుతో పోయాక ఆయన పేరిట గద్ద, బలిపీఠం బొమ్మలతో లెక్కలేనన్ని నాణేలు వచ్చాయి. వాటిలో వెండి నూటికి రెండు మూడు పాళ్లే, పైన పూత మాత్రం తెల్లగా ఉండేది. వాటిని చూసి పల్లెల్లో జనం సొంతంగా మోటు నకళ్లు కొట్టుకున్నారు. ఈ మధ్య ఒకరు అలాంటిది పట్టుకొచ్చి, మోసపోయానని బాధపడ్డారు. అది మోసం కాదు. ఆ నకలు కూడా పదిహేడు వందల ఏళ్ల నాటిదే, ఆనాటి మనుషులు వాడుకున్నదే.

ఈ కాలపు నకిలీలు వేరు, వాటితో జాగ్రత్తగా ఉండాలి. కొన్నేళ్ల కిందట ఇంటర్నెట్ వేలంలో పెర్టినాక్స్ దీనారం కొన్నాను. బరువు సరిపోయింది, అక్షరాలు సరిపోయాయి. మూడు నెలల తర్వాత ఇంకో వేలంలో అచ్చం అలాంటిదే చూశాను. గడియారంలో రెండు గంటల స్థానంలో అంచు మీద పగులు, అదే పొడవు, అదే వంపు. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేల బొమ్మలు ఒకేలా ఉండవచ్చు. పగుళ్లు మాత్రం ఒకేలా ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే ప్రతి బిళ్లా సుత్తి దెబ్బకు తనదైన తీరులో పగులుతుంది. పగులు కూడా నకలైందంటే రెండూ ఒక అసలు నాణెం నుంచి తీసినవే. అప్పటి నుంచి ఏ నాణేన్నైనా ముందు అంచు చూసి, తర్వాతే ముఖం చూస్తున్నాను. పోత పోసినదైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత గానీ, దాన్ని ఆకురాయితో రుద్దిన గుర్తు గానీ ఉంటుంది. ఉపరితలం మీద సూదిమొనల్లాంటి గుంతలు, అక్షరాల అంచులు సబ్బులా గుండ్రబడటం కూడా చెడ్డ గుర్తులే.

చివరగా నల్గొండ. ఆ జిల్లాలోని అక్కన్‌పల్లిలో దొరికిన నిక్షేపంలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి దీనారాలు ఉన్నాయి. అవి అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి. దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండిలో ఎక్కువ భాగం వీళ్లిద్దరిదే. 64 ప్రాంతంలో నీరో దీనారం బరువునూ వెండినీ తగ్గించాడు, మన వైపు వర్తకులు పాత మేలైన వెండినే కోరుకున్నారు. డేసియస్ నాటి నాసిరకం వెండి సముద్రం దాటి ఇక్కడికి వచ్చి ఏ వర్తకుణ్ణీ మెప్పించగలిగేది కాదు.

చుట్టరికం ఎక్కడంటే, ఆ నాణేల మీది అక్షరాల్లో. టైబీరియస్ దీనారం బొమ్మ వైపు రాసినదాని అర్థం ‘దివ్యుడైన అగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ అగస్టస్’. అగస్టస్ దీనారం మీద ఆయన తనను ‘దివ్యుడి కుమారుడు’ అని చెప్పుకున్నాడు, అక్కడ దివ్యుడు జూలియస్ సీజర్. మీ అమ్మమ్మగారి జిల్లా మట్టిలో రెండు వేల ఏళ్లు పడి ఉన్న వెండి మీద కూడా మీ నాణెం మీది ‘దీవుస్’ మాటే, షష్ఠీ విభక్తిలో ‘దీవీ’ అని ఉంది. దీనారం అన్న పేరు కూడా మన నేల మీద నిలిచింది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల కాలపు శాసనంలో ‘దీనారి మాషక’ అన్న నాణేల పేరు కనిపిస్తుంది.

అమ్మమ్మగారి ఊళ్లో ఎవరికైనా పొలంలో ఇలాంటివి దొరికితే కరిగించవద్దని, అమ్మవద్దని చెప్పండి. నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఏ కుండలో, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికాయన్నది నమోదైతేనే అవి చరిత్రకు పనికివస్తాయి. మన దేశం నుంచి అలాంటి ప్రాచీన వస్తువులను వ్యక్తులు బయటికి పంపడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం.

మీ నాణేన్ని చింతపండుతో గానీ పేస్టుతో గానీ రుద్దకండి. పైనున్న బూడిద రంగు పొరకు పదిహేడు వందల డెబ్బై ఏళ్ల వయసుంది, పోతే తిరిగి రాదు. నగల దుకాణంలో వాడే చిన్న త్రాసు మీద బరువు తూచండి, అంచును నాలుగు వైపుల నుంచి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. బరువు మూడు గ్రాములకు దగ్గరగా వస్తే బలిపీఠం చుట్టూ ఖాళీగా ఉన్న జాగాను దగ్గరగా తీసిన ఫోటో కూడా పంపండి. పాత దీనారం గుర్తులేమైనా మిగిలి ఉంటే అక్కడే ముందు కనిపిస్తాయి.